అమ్మానాన్నలను ఫాఫ్సాలోంచి మాయం చేయడం ఎలా?

అమెరికాలో డిగ్రీ చదువుకు ఫెడరల్ సాయం కావాలంటే ఫాఫ్సా అనే ఫారం నింపాలి. అందులో అమ్మానాన్నల ఆదాయం అడుగుతారు. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇంటికి ఆ ప్రశ్న దగ్గరే కథ కంచికి. ఏడాదికి 7,395 డాలర్ల దాకా ఇచ్చే పెల్ గ్రాంటులో ఒక్క డాలరూ రాదు. ఆదాయాన్ని దాచడం కష్టం కాబట్టి అమ్మానాన్నలనే దాచేద్దాం. 'ఇండిపెండెంట్ స్టూడెంట్' అనిపించుకుంటే వాళ్ల ఊసే ఎవరూ ఎత్తరు. శనివారం పాట్‌లక్‌లలో నేను ఊరికే పంచిపెట్టే సలహాలివి. రాసుకో నాయనా.

మొదటిది వేరు కాపురం. కాలేజీ పక్కన గది తీసుకో. బోబా దుకాణంలో సాయంత్రాలు పనిచేసి అద్దె నువ్వే కట్టు. టాక్స్ రిటర్నులో నిన్ను డిపెండెంటుగా వేసుకోవద్దని నాన్నకు గట్టిగా చెప్పు. సొంత కాళ్ల మీద నిలబడటమంటే ఇదే కదా! వీటిలో ఒక్కటి కూడా ఫాఫ్సా లెక్కలోకి రాదు, అంతే. 1986కు ముందైతే ఇంట్లో ఆరు వారాలకు మించి ఉన్నావా, పన్ను పత్రంలో నిన్ను చూపించారా అని నిజంగానే అడిగేవారు. తర్వాత చట్టం మారింది. నా సలహాలో తప్పేమీ లేదు, నలభై ఏళ్లు ఆలస్యమైందంతే.

అయితే 'మావాళ్లు పైసా ఇవ్వమన్నారు' అని రాయి. కాలేజీ ఎయిడ్ ఆఫీసు అయ్యో పాపం అంటుంది, డిపెండెంటుగానే ఉంచుతుంది. ఇంట్లో హింస, కన్నవాళ్లు జైల్లో ఉండటం, ఆచూకీ లేకపోవడం లాంటివైతే కాగితాలు చూసి మినహాయింపు ఇస్తారు. నాన్న పిసినారితనం ఆ కోవలోకి రాదు. మహా అయితే మొదటి రోజు నుంచే వడ్డీ పడే అప్పు ఇస్తారు. అమ్మ హెచ్‌-4 వీసా మీద ఉంది, సోషల్ సెక్యూరిటీ నంబరే లేదు కాబట్టి ఆవిడ లేనట్టే అని కొందరు వాదిస్తారు. నంబరు లేనివాళ్లూ ఫాఫ్సాకు కావలసిన అకౌంట్ తెరవొచ్చట, ఏం చాదస్తమో! విజయవాడలో ఉన్న తండ్రినీ వదలరు. ఆయన రూపాయలను ఫారం నింపే రోజు రేటుకు డాలర్లలోకి మార్చి రాయమంటారు.

ఇక మనవాళ్లకు బాగా అచ్చొచ్చే మార్గం పెళ్లి. ఇది నిఖార్సుగా చెల్లుతుంది. కాకపోతే ఫారం మీద సంతకం పెట్టే నాటికి తాళి పడి ఉండాలి. నిశ్చితార్థం చాలదు, లగ్నపత్రిక స్కాన్ చేసి పంపినా దండగే. మూఢం, ఆషాఢం చూసుకుని గడువులోగా ముహూర్తం పెట్టించు. పెద్దలు చేసే పొరపాటల్లా సాఫ్ట్‌వేర్ సంబంధం వెతకడం. పెళ్లయ్యాక నాన్న జీతం పోయి మొగుడి జీతమో పెళ్లాం జీతమో ఫారంలోకి వస్తుంది. ఫాఫ్సా కోసం చేసుకునే పెళ్లికి జీతం లేని సంబంధమే మేలు.

పెళ్లి ఇష్టం లేకపోతే విజిటర్ వీసా మీద వచ్చిన నాయనమ్మను నీ గదికి తెచ్చుకుని డిపెండెంటుగా చూపించు. ఆవిడ నీతోనే ఉండాలి, ఖర్చులో సగానికి పైగా నువ్వే భరించాలి. ఒక నెల బీపీ మాత్రలు కొంటే బోబా జీతం హుళక్కి.

అన్నిటికన్నా దర్జా అయినది గార్డియన్‌షిప్. ఇది నా బుర్రలో పుట్టింది కాదు. షికాగో శివార్లలోని లేక్ కౌంటీలో డాక్టర్లు, లాయర్లు సైతం పద్దెనిమిది నిండబోయే పిల్లలను కోర్టు ద్వారా బంధువులకో స్నేహితులకో అప్పగించారు. మేం ఇవ్వలేని చదువు అవకాశాలు వాళ్లిస్తారని అర్జీల్లో రాశారు. కోర్టు కాగితం ఉంది గనక పిల్లలు ఇండిపెండెంట్లయ్యారు, పేదలకిచ్చే సాయం అందుకున్నారు. కలిగిన కుటుంబం పిల్లకు ఇల్లినాయి యూనివర్సిటీ పేద విద్యార్థుల ఓరియెంటేషన్‌కు పిలుపు రావడమేమిటని ఒక హైస్కూల్ కౌన్సెలర్ ఆరా తీయడంతో కూపీ లాగారు. 2019లో ప్రోపబ్లికా, వాల్ స్ట్రీట్ జర్నల్ ఆ భాగోతాన్ని అచ్చేశాయి. యూనివర్సిటీ తన వాటా సాయాన్ని తగ్గించింది. అందుకే చెబుతున్నా, అలాంటి పిలుపు వస్తే టెస్లాలో వెళ్లకు. అన్నట్టు, ఇల్లినాయి రాష్ట్ర గ్రాంటు డబ్బు ఉన్నంతవరకే ఇస్తారు. నీ వెనక నిలబడ్డ పేదపిల్ల వంతు వచ్చేసరికి ఖజానా ఖాళీ అయితే నువ్వేం చేస్తావు, ముందు నువ్వు నిలబడ్డావు మరి.

పదమూడేళ్లు నిండాక ఎప్పుడైనా అమ్మానాన్న ఇద్దరూ లేనివాళ్లు, ఫాస్టర్ కేర్‌లో పెరిగినవాళ్లు, తలదాచుకునే ఇల్లు లేని పిల్లలు. ఇండిపెండెంటువా కాదా అని ఫారం అడిగే ప్రశ్నలు ఇలాంటివాళ్ల కోసం పెట్టినవి. వాటికి నా దగ్గర చిట్కాల్లేవు.

కావాలని అబద్ధం రాస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ల దాకా జైలు. అది మాత్రం నిజమైన వేరు కాపురం. ఇంతా చేసి ఏం ఒరుగుతుందో కూడా విను. మొదటి ఏడాది డిపెండెంటు పిల్లాడికి ఫెడరల్ అప్పు మామూలుగా 5,500 డాలర్లు దాటదు. ఇండిపెండెంటుకు 9,500 దాకా ఇస్తారు. మొగుడి జీతం బాగుండి గ్రాంటు రాకపోతే, నీ స్వాతంత్ర్యానికి దక్కేది ఇంకో నాలుగు వేల అప్పు!

తొందర లేనివాళ్లకు తిరుగులేని దారి ఇంకోటుంది, ఇరవై నాలుగేళ్లు నిండేదాకా ఆగడం. 2026-27కైతే 2003 జనవరి 1కి ముందు పుట్టి ఉండాలి. మాస్టర్స్‌లో చేరినా అమ్మానాన్నల లెక్క అడగరు. హైదరాబాద్ నుంచి ఎఫ్‌-1 వీసా మీద దిగిన తమ్ముళ్లు సంబరపడొద్దు, మీకు అసలు ఫెడరల్ సాయమే లేదు.

అంత ఓపిక లేకపోతే నాన్నకు ఫోన్ చెయ్యి. అకౌంట్ తెరిచి, ఆదాయ వివరాలకు ఒప్పుకుని, సంతకం పెట్టమను. ఫాఫ్సా నింపడానికి రుసుము లేదు. ఎవరైనా ఫీజు అడిగితే, అది నేనైనా సరే, ఇవ్వకు.