బాలిలో ఏటీవీ ఎక్కండి, గట్టెక్కండి

ఉబుద్ చుట్టుపక్కల వరిపొలాల్లో ఏటీవీ అనే నాలుగు చక్రాల బురదబండి సవారీకి డబ్బు కట్టే మనవాళ్లకు కొదవ లేదు. కట్టినదంతా పిండుకుని వచ్చేవాళ్లే తక్కువ. పిండుకోవడమంటే ఏమిటి? ఒళ్లు వంచకూడదు, ఎవరి మాటా వినకూడదు, రీల్ అదిరిపోవాలి, తప్పు ఇంకొకరి నెత్తిన పడాలి. ఈ నాలుగూ ఒక్క పూటలో సాధించవచ్చు. కింది చిట్కాలు వరసగా పాటించండి.

1. బుకింగ్ ముందురోజు అర్ధరాత్రి చేయండి. అందరికంటే చవకైనది పట్టుకోండి. పికప్, బూట్లు, భోజనం, ఇన్సూరెన్స్ అని రాసి ఉంటే ధర ఎక్కువని అర్థం. ఏమీ రాయనిదే మనకు కావలసింది. అప్పటికే వీసా ఆన్ అరైవల్‌కు 5 లక్షల ఇండోనేసియా రుపయాలు పోశారు, 2024 ఫిబ్రవరి నుంచి వసూలు చేస్తున్న పర్యాటక రుసుముకు ఇంకో లక్షన్నర. అంటే ఆ ద్వీపం మొత్తం మీకు బాకీ పడింది. ఆ హక్కుతో బేరమాడండి. డిసెంబరు, జనవరి నెలలైతే ఇంకా మంచిది. అక్కడ అది వానాకాలం, ఏం జరిగినా వాన మీదకు నెట్టేయవచ్చు.

2. ట్రావెల్ పాలసీలో సాహస క్రీడలకు అదనపు ప్రీమియం అడిగితే కట్టకండి. అది పిరికివాళ్ల కోసం పెట్టింది. రేపు క్లెయిమ్ తిప్పి పంపితే మామగారున్నారు. అల్లుడు పరాయి దేశంలో ఆస్పత్రి పాలయ్యాడంటే ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్ విరిచి తీరతారు. ఇంతకంటే నమ్మకమైన కవరేజీ ఏ కంపెనీ ఇస్తుంది?

ఏటీవీ వాళ్లిచ్చే ఫారంలో నడుంనొప్పి ఉందా, గుండెజబ్బు ఉందా, గర్భిణులా అని అడుగుతారు. అన్నిటికీ లేదని టిక్ పెట్టండి. మీ ఆవిడ ఫారం కూడా మీరే నింపి సంతకం చేసేయండి. ఆవిడ చదివిందంటే ప్రశ్నలు మొదలవుతాయి.

3. హోటల్ వాళ్లు గదిలో పెట్టిన తెల్ల చెప్పులతోనే బయల్దేరండి. ఏటీవీ వాళ్లిచ్చే రబ్బరు బూట్లు ఎవరెవరో తొడిగినవి. సైలెన్సర్ కాలుతుందని భయపెడతారు, పట్టించుకోకండి. హెల్మెట్ తీసుకోండి కానీ బకిల్ పెట్టకండి, ఫొటోకు తీసి చంకలో పెట్టుకోవడం సులువవుతుంది. మీ ఆవిడ చేత పొడుగాటి చున్నీ వేయించండి. గాలికి ఎగరాలి కదా. ముడేసుకోమనీ, వెనక చక్రంలో చిక్కుకుంటుందనీ గైడ్ చెప్తాడు. ముడేస్తే ఇక ఎగిరేదేముంది?

4. బండి నడపడం నేర్పే పది నిమిషాలూ బాత్‌రూమ్‌లో గడపండి. అందరూ వినేసి అలిసిపోయాక తాజాగా బయటికి వచ్చి మొదటి బండి ఎక్కేయండి. అక్కడ కుర్రాళ్లను 'బ్లీ' అని పిలుస్తారు, అన్నా అన్నట్టు. మీరు 'ఏయ్' అనండి. వరస కలిపితే తర్వాత టిప్ ఇవ్వాల్సి వస్తుంది.

5. బండి ముందు నేల మీద కొబ్బరాకుతో అల్లిన చిన్న పళ్లెం కనిపిస్తుంది. పూలు, నాలుగు మెతుకులు, వెలుగుతున్న అగరుబత్తి ఉంటాయి. చనంగ్ సారి అంటారు, రోజూ పొద్దున్నే పెట్టే నైవేద్యం. బాలి వాళ్లకు తుంపెక్ లాందెప్ అని 210 రోజులకోసారి వచ్చే పండుగ కూడా ఉంది, ఆ రోజు వాహనాలన్నిటికీ పూజ చేస్తారు. మన ఆయుధపూజే అనుకోండి. కాబట్టి సందేహం వద్దు. మనం కొత్త బండికి నిమ్మకాయ తొక్కించినట్టే ఆ పళ్లెం మీదుగా టైరు పోనివ్వండి. చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా కేకలు పెడతారు. మన భక్తికి పొంగిపోయారని అర్థం. చెయ్యి ఊపి ముందుకు సాగండి.

6. ఇక నడపడం. స్కూటర్‌లా పిడి తిప్పితే ఇది కదలదు. కుడి బొటనవేలి కింద చిన్న మీట ఉంటుంది, అదే యాక్సిలరేటర్. భయమేసినప్పుడు హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటాం కదా, అప్పుడు బొటనవేలు దానంతటదే మీటను నొక్కుతుంది, బండి ఇంకా వేగంగా పోతుంది. భయపడేవాణ్ణి త్వరగా అవతలికి చేర్చే ఇంత మంచి ఏర్పాటు ఇంకే బండికీ లేదు. వేలు తీయకండి.

చాలా ఏటీవీల్లో వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుతో కలిసి తిరుగుతాయి. అందువల్ల మలుపు తిప్పినా బండి తిన్నగానే పోవాలని చూస్తుంది. లోపలివైపుకు ఒరగాలనీ, ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కు జరగాలనీ గైడ్ ప్రాణం తీస్తాడు. జిమ్ ఎగ్గొట్టడానికే కదా సెలవు పెట్టాం. బిగుసుకుని కూర్చోండి, తిన్నగా పోవడం బండికి ఇష్టమైతే పోనివ్వండి. బండి ఒరుగుతోందనిపిస్తే బైకు మీద చేసినట్టే కాలు కింద పెట్టి ఆపండి. వెనక టైరు ఆ కాలి మీదకు ఎక్కుతుంది. మెత్తటి టైరే, కంగారు పడకండి.

7. అసలు పని ఇప్పుడు మొదలు. రీల్. మీరు మొదటి బండిలో ఉన్నారు, ముందు గైడ్, వెనక మిగతా గుంపు. ముందుగా బాగా నెమ్మదించండి. గైడ్ మలుపు తిరిగి కనబడకుండా పోవాలి. వెనక బండ్లవాళ్లు హారన్లు కొడతారు, కొట్టుకోనివ్వండి. ఖాళీ దారి దొరకగానే ఎడం చేత్తో ఫోన్ తీయండి. బ్రేకు లీవరు కూడా ఆ చేతి కిందే ఉంటుంది కానీ, ఫోనూ బ్రేకూ రెండూ కావాలంటే కుదరదు. వెనక సీట్లో ఉన్న మీ ఆవిడను నిలబడి రెండు చేతులూ చాచమనండి. "పడిపోతానండీ" అంటుంది. "నేనున్నాగా" అనండి. వీడియోలో ఈ డైలాగు వినబడాలి కాబట్టి హెల్మెట్ అద్దం పైకెత్తి కాస్త గట్టిగా చెప్పండి. బొటనవేలు పూర్తిగా నొక్కండి. మలుపు దగ్గర గైడ్ బండి ఆపి, చెయ్యి పైకెత్తి నిలబడి ఉంటాడు. ఫొటో కోసం పోజు పెట్టాడు పాపం. అతణ్ణి కూడా ఫ్రేములో పట్టండి.

8. గుహలాంటి సొరంగం ఉన్న రూటైతే సరిగ్గా మధ్యలో ఆపేయండి, వెలుతురు బాగుంటుంది. అది వెనక బండి హెడ్‌లైటు. ఆ బండి వచ్చి గుద్దితే ఇక ఆ రోజుకు మీది తప్పు కాదు.

9. పొలం దగ్గర దారి బురదగా ఉంటే గట్టెక్కించండి. ఆ పొలాల గట్లను సుబాక్ అనే రైతు సంఘాలు చూసుకుంటాయి. ఎగువ పొలానికెంత, దిగువ పొలానికెంత అని గుళ్ల దగ్గర కూర్చుని నీళ్లు పంచుకునే ఈ పద్ధతి కొన్ని వందల ఏళ్లుగా నడుస్తోంది. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది. అన్ని వందల ఏళ్లు నిలబడ్డ గట్టు మీ ఒక్క బండికి తెగుతుందా? తెగిందే అనుకుందాం, నీళ్లు కింది మడిలోకే కదా పోతాయి, ఎక్కడికీ పోవు. రైతు పార పట్టుకుని పరుగెత్తుకొస్తే నమస్కారం పెట్టి గైడ్ వైపు చూపించండి.

10. సాకులు వచ్చే దారిలోనే తయారు చేసుకోండి. అప్పటికప్పుడు వెతుక్కుంటే దొరకవు. "బండిలో ఏదో తేడా ఉంది" అన్నది అన్ని వేళలా పనికొస్తుంది. "వెనకవాడు తొందరపెట్టాడు", "చెయ్యెత్తితే రమ్మంటున్నాడనుకున్నా", "ఇండియాలో బ్రేకు ఇటు ఉండదు" కూడా చేతిలో ఉంచుకోండి. ఏదీ ఆడకపోతే మీ ఆవిడ కదిలిందనండి. ఆవిడ అప్పటికి మాట్లాడే స్థితిలో ఉండదు, ఎదురు చెప్పేవాళ్లుండరు.

11. స్నానాలకు అందరికంటే ముందు దూరి వేడినీళ్లన్నీ మీరే వాడండి. టవల్ రెండు తీసుకోండి, ఒకటి బ్యాగులోకి. నాసి గోరెంగ్ అనే వేపుడన్నం కడుపునిండా తిన్నాక బాగాలేదని చెప్పండి. తినకముందు చెబితే ప్లేటు తీసేస్తారు. గైడ్ బండిని బురదలోంచి లాగి, మీ కాలికి కట్టు కట్టి నిలబడి ఉంటాడు. పర్సు తెరిచి చూపించి, "అన్నీ లక్ష నోట్లే, చిల్లర లేదు" అనండి. ఆ దేశంలో అంతకంటే పెద్ద నోటు లేదు, కాబట్టి అతని దగ్గర కూడా చిల్లర ఉండదు.

12. కాలికి పిండికట్టు పడిందంటే మీ సెలవు పండినట్టే. దెన్‌పసార్ విమానాశ్రయంలో వీల్‌చెయిర్ అడగండి. గంటల తరబడి ఇమిగ్రేషన్ లైన్‌లో నిలబడ్డవాళ్ల పక్కనుంచి దర్జాగా పోతారు, విమానంలోకి కూడా ముందు మిమ్మల్నే ఎక్కిస్తారు. సామాను మీ ఆవిడ మోస్తుంది, ఒక చేతికి కట్టున్నా రెండోది ఖాళీయే కదా. ఆస్పత్రి కాగితాలు మాత్రం పారేయకండి. అవి ఇండోనేసియా భాషలో ఉంటే మరీ మంచిది. మీ హెచ్.ఆర్. వాళ్లకు ఆ భాష రాదు కాబట్టి ఎన్ని వారాల విశ్రాంతి రాశారో మీరే చదివి చెప్పవచ్చు.