కళ్లకు కట్టే వైకుంఠం

అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్లు మనకు కొత్త కాదు. ఇప్పుడొచ్చినవాళ్లు దాన్ని కళ్లకు కట్టి, వెనక బెల్టు బిగిస్తున్నారు. హెడ్‌సెట్ తగిలించుకుంటే చాలట. దూరాలు ఉండవట, కష్టాలు కనబడవట, వర్చువల్ ప్రపంచం మన నిత్యజీవితాన్నే మార్చేస్తుందట. మంచిదే. పటాన్‌చెరు దగ్గరి ఇస్నాపూర్ నుంచి మొదలుపెట్టమనండి. మార్పు ఇంతగా కావలసిన ఊరు 65వ నంబరు జాతీయ రహదారి మీద అంత సులువుగా దొరకదు.

ముందు బాగుపడేది ముక్కు. హెడ్‌సెట్‌లో బొమ్మ ఉంటుంది, చప్పుడు ఉంటుంది, వాసన ఉండదు. పక్కనున్న పాశమైలారం పారిశ్రామికవాడ వైపు నుంచి రాత్రిపూట గాలి మళ్లినప్పుడు కిటికీలు మూసుకునేవాళ్లకు ఇంతకన్నా ఏం వరం కావాలి? నక్కవాగును కూడా బాగుచేసేయొచ్చు. ఫ్యాక్టరీల మురుగును మంజీరలోకి మోసుకెళ్లిన ఆ వాగు గొడవ 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టులూ శుద్ధి కేంద్రాలూ ఎందుకు దండగ? కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు ఒక్క పూటలో తేటనీళ్లు పారించి, గట్టున రెండు కొంగల్ని వాల్చి, టీ తాగడానికి వెళ్లిపోతాడు.

ఇక కాళ్ల సంగతి. ఫేస్‌బుక్ కంపెనీ 2021 అక్టోబరులో మెటా అని పేరు మార్చుకుని, మెటావర్స్ అనే ఈ వర్చువల్ లోకానికి దండోరా వేయించింది. తీరా చూస్తే అందులో మనుషులకు నడుము కింద ఏమీ లేదు. ఏడాది తర్వాత కాళ్లొస్తున్నాయంటూ కంపెనీ అధిపతి జుకర్‌బర్గ్ బొమ్మ గెంతి చూపించింది. ఆ గెంతు కూడా మోషన్ క్యాప్చర్‌తో తయారుచేసిందేనని తర్వాత తేలింది. 2022లో మెటాలో ఈ పనులు చూసే విభాగానికి వచ్చిన నష్టం 1,370 కోట్ల డాలర్లు. లోకమంతా నవ్వింది గానీ, ఇస్నాపూర్ వాళ్లను ఎవరూ అడగలేదు. పన్నెండు గంటల షిఫ్టు మిషన్ ముందు నిలబడి రూముకొచ్చి, బకెట్లో వేడినీళ్లలో పాదాలు పెట్టుకుని, వాటర్ బాటిల్‌కు ఫోన్ ఆనించి బిహార్‌లో ఉన్న అమ్మతో మాట్లాడే కుర్రాడైతే, కాళ్లు లేని ఒళ్లు ఎంతకిస్తారని బేరమాడేవాడు. దూరాన్ని నిజంగా చెరిపింది ఆ వీడియో కాల్. దానికి హెడ్‌సెట్ అక్కర్లేదు.

మన ప్రభుత్వాలు మాత్రం వెనకబడ్డాయా? 2022 ఏప్రిల్‌లో తెలంగాణ స్పేస్‌టెక్ విధానాన్ని మెటావర్స్‌లోనే విడుదల చేశారు. అంతరిక్షం మాట శూన్యంలో మాట్లాడటం సబబే అనుకోండి. అదే ఏడాది గాయకుడు దలేర్ మెహందీ హైదరాబాద్ కంపెనీ కట్టిన వర్చువల్ లోకంలో జాగా కొని 'బల్లే బల్లే ల్యాండ్' అని పేరు పెట్టుకున్నాడు. లేని భూమి కొన్నాడని ఉత్తరాదివాళ్లు ఆశ్చర్యపోవచ్చు, మనకేం వింత? ధరణి భూరికార్డుల పోర్టల్ రోజుల్లో పొలం కాళ్లకింద ఉండి అందులో లేని రైతులు తహసీల్దార్ ఆఫీసు మెట్లరిగేలా తిరిగారు. ఇక రోడ్డుపక్క వెంచర్ల బ్రోచర్లు తిరగేయండి. ఈతకొలను, తాటిచెట్ల స్థానంలో ఖర్జూర చెట్లు, గేటు ముందే మెట్రో స్టేషన్! మియాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా 13.4 కిలోమీటర్ల మెట్రో ఇంకా ప్రతిపాదనల్లో ఉండగానే దాని పేరు మీద గజాల రేట్లు కట్టారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఈ హెడ్‌సెట్లతో ఒక పని మాత్రం బ్రహ్మాండంగా జరుగుతుంది. గ్యాస్ లీకైతే ఎటు పరిగెత్తాలి, మంటలొస్తే ఏ వాల్వు కట్టేయాలి, ఏ తలుపు తెరవకూడదు అన్నది ఒళ్లు కాలకుండా పదిసార్లు నేర్పొచ్చు. ఈ ప్రాంతానికి కావలసిన పాఠం అదే. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి పరిశ్రమ పేలితే 50 మందికి పైగా పోయారు. చాలామంది బతుకుదెరువుకు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. డీఎన్ఏ పరీక్ష చేస్తే గానీ ఎవరు ఎవరో తెలియని స్థితిలో శవాలను అప్పగించారు. కొందరి ఆనవాలు కూడా దొరకలేదు.

అందుకని, హెడ్‌సెట్లు అమ్మే అయ్యలారా, స్టార్ హోటల్లో మంత్రుల కళ్లకు తగిలించి ఫోటోలు దిగింది చాలు. ఇటు రండి. తొలి హెడ్‌సెట్ నిన్న కాంట్రాక్టర్ వ్యాన్ దిగిన కూలీకి తగిలించండి. పాఠం హిందీలో, ఒడియాలో చెప్పించండి. యజమానులారా, నేర్చుకున్న గంటకూ కూలీ కట్టండి.