మూలపడిన నిమ్మ ఉప్పు

నేను సిట్రిక్ యాసిడ్‌ని. ఇళ్లలో నన్ను నిమ్మ ఉప్పు అంటారు. ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయే దారిలో ఒక పందుల షెడ్డుంది. దాని దాణా గదిలో, తవుడు బస్తాల వెనక, పాతిక కిలోల సంచిలో పడి ఉన్నాను. సముద్రపు గాలికి చెమ్మెక్కి గడ్డకట్టాను.

1784లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే నిమ్మరసంలోంచి నన్ను స్ఫటికాలుగా విడదీశాడు. ఇప్పుడు నాకోసం నిమ్మకాయలు పిండేవాళ్లు లేరు. చక్కెర ద్రావణంలో ఆస్పర్జిల్లస్ నైగర్ అనే నల్లబూజును పెంచి నన్ను తీస్తారు. నా పుట్టుక సంగతి అంతే. చెప్పుకోవలసింది నా పని గురించి.

పందిపిల్ల తల్లి దగ్గరున్నన్నాళ్లూ దాని కడుపులో పులుపుకు లోటుండదు. పాలలోని చక్కెరను మంచి సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంటాయి. పాలు మాన్పించాక ఆ ఆసరా పోతుంది. ఆ వయసులో కడుపు చాలినంత ఆమ్లాన్ని తనంతట తాను ఊరించుకోలేదు. పులుపు తగ్గితే మాంసకృత్తులను అరిగించే పెప్సిన్ సరిగా పనిచేయదు. అరగని మేత పేగుల్లోకి జారుతుంది, దాని మీద ఈ.కోలై పెరుగుతుంది. కొద్ది రోజుల్లోనే తోక కింద తడి, పసుపుపచ్చని పారుడు, లేచి నిలబడలేని పిల్ల. నా అవసరం సరిగ్గా అప్పుడే, ఆ కొన్ని వారాలే. క్వింటాలు దాణాకు కిలో, రెండు కిలోలు చాలు.

నన్ను మొదటిసారి విప్పినప్పుడు దాణా కలిపే కుర్రాడు, "ఇది షర్బత్తులోకి గదన్నా, పందులకెందుకు?" అన్నాడు. "పిల్లలు పారకుండా ఉంటయ్యంట, కలుపు" అన్నాడు యజమాని. కుర్రాడు నన్ను కాటా మీద తూచాడు. ముందు బకెట్టెడు తవుడులో చేత్తో నలిపి కలిపి, ఆ తవుడును దాణా అంతటా చల్లి, పారతో అడుగునుంచి తిరగేశాడు. ఆ ఈత పిల్లలు నిలబడ్డాయి. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

తర్వాతి ఈతకు కాటా కనపడలేదు. దోసెడు లెక్కన పోశారు. ఒకచోట పులుపెక్కువై పిల్లలు మూతి తిప్పుకున్నాయి, మరోచోట నేను లేనే లేను. పైగా దాణాలో సున్నపురాయి పొడి ఎడాపెడా గుమ్మరించారు. కడుపులోకి దిగగానే ఆ సున్నమే నా పులుపును మింగేసింది. పిల్లలు పారాయి. నింద నా మీద పడింది. మందుల షాపు నుంచి యాంటీబయాటిక్ పొడి వచ్చింది. నా సంచి మూతైనా కట్టకుండా మూలకు తోశారు.

ఇదే నాకు మింగుడుపడదు. జబ్బు లేకపోయినా రోజూ దాణాలో వేసే యాంటీబయాటిక్, తనను తట్టుకునే సూక్ష్మజీవులనే మిగులుస్తుంది. అందుకే 1986లో స్వీడన్, 2006 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య మొత్తం, ఎదుగుదల కోసం వాటిని మేతలో కలపడం నిషేధించాయి. మన దేశంలోనూ 2019లో ఆహారం కోసం పెంచే జీవాలకు కోలిస్టిన్ వాడకాన్ని నిషేధించారు. మనుషులకు మిగతా మందులు పనిచేయనప్పుడు చివరికి దిక్కయ్యేది ఆ మందే. ఆ లోటు పూడ్చేందుకు ఫార్మిక్, ఫ్యూమరిక్, లాక్టిక్ ఆమ్లాలతో పాటు నన్నూ పిలిచారు. సూక్ష్మజీవి లోపలికి దూరి దెబ్బతీయడంలో ఫార్మిక్ నాకన్నా గట్టిది, ఒప్పుకుంటాను. పెద్ద పందులకు నావల్ల ఒరిగేది తక్కువే. జబ్బు ముదిరిన పిల్లకు నేను మందును కాను, పశువుల డాక్టరును పిలవాల్సిందే. కానీ జబ్బు రాకముందు నాకు చేతనైన సాయం ఉంది. దాన్ని చేయనివ్వలేదు.

ఈమధ్య నీళ్ల నిపుల్స్‌లో ఉప్పు పేరుకుంటే గుప్పెడు గడ్డలు తీసుకెళ్లి నాతో కడిగారు. ఆ పనీ నాకు వచ్చు. కానీ పక్క దొడ్డిలో పది పిల్లలకు వచ్చే వారం పాలు మాన్పిస్తారు. గడ్డకట్టినా నా పులుపు చావలేదు. నన్ను రోకలితో చితగ్గొట్టి, ఆ కాటా ఎక్కడుందో వెతికితే చాలు.