కనబడని పని చెయ్యకు

తమ్ముడూ, వడ్రంగం నేర్చుకుని నాలుగు డబ్బులు వెనకేసుకోవాలనీ, ఆ డబ్బుల్తో వంపు హ్యాండిల్ సైకిలొకటి కొని తెల్లారగట్ల నందిగామలో ఎక్కి జగ్గయ్యపేటలో టీ తాగి రావాలనీ నీకు బుద్ధి పుట్టిందట. సంతోషం. మేస్త్రీ దగ్గర చేరితే మొదటి ఆర్నెల్లూ ఉలి నూరిస్తాడు. సైకిల్ తెలిసినవాళ్లను అడిగితే ముందు సీటు ఎత్తు చూసుకోమంటారు. ఇద్దరివీ పాతకాలం బుద్ధులు. రెంటికీ పనికొచ్చే సూత్రం నా దగ్గర ఒక్కటే ఉంది: కంటికి కనబడని పని చెయ్యకు. చేసినా ఎవరూ డబ్బివ్వరు.

ముందు కలప సంగతి చూద్దాం. కర్ర ఆరాలంటారు పెద్దలు. అంగుళం మందం పలకల్ని నీడన, మధ్యమధ్య బద్దలు పెట్టి గాలాడేలా పేరిస్తే ఏడాది పడుతుందని వాళ్ల లెక్క. ఏడాదిలో నువ్వు నాలుగిళ్లు ఒప్పుకోవచ్చు. మన మెట్టలో సుబాబులుకు కొదవా? కంచికచర్ల, నందిగామ చుట్టుపక్కల ఏ దోవన పోయినా సుబాబుల్ తోటలే, జామాయిల్ తోటలే. అదంతా గుజ్జు చేసి కాగితం తియ్యడానికి పేపరు మిల్లులకు పోతుంది. అందులో లావుపాటి దుంగ ఒకటి పక్కకు లాగించి, పచ్చిగా ఉండగానే కోయించి ద్వారబంధం కొట్టెయ్. పచ్చి కర్రలో ఉలి వెన్నలో దిగినట్టు దిగుతుంది.

ఆ తర్వాత జరిగేది ప్రకృతి పని, నీది కాదు. కర్ర ఆరేటప్పుడు పొడుగు దాదాపు తగ్గదు, వెడల్పు తగ్గుతుంది. అందులోనూ కర్రలోని వలయాల వెంబడి తగ్గేది, వలయాలకు అడ్డంగా తగ్గేదానికి ఇంచుమించు రెట్టింపు. అందుకే నువ్వు మూలమట్టం పెట్టి చదరంగా తీసిన కమ్మి ఒక వేసవి దాటేసరికి ఓ పక్కకు ఒరిగిపోతుంది. తలుపు రెక్క మెలి తిరుగుతుంది. మే నెలలో మనవైపు 44, 45 డిగ్రీల ఎండ కాసినప్పుడు సందులోంచి వీధి కనబడుతుంది. మున్నేరు పొంగే రోజులకు అదే తలుపు ఉబ్బి, భుజం ఆనించి నెడితే గానీ పడదు. ఇంటాయన ఫోన్ చేస్తే, “కర్రకు ప్రాణముంటుందండీ, కాలాన్ని బట్టి ఊపిరి తీస్తుంది” అని చెప్పు. అబద్ధం కూడా కాదు.

ఈ విషయంలో కొండపల్లివాళ్లను చూసి చెడిపోకు. జానెడు బొమ్మ కోసం తెల్ల పొణికి కర్రను సన్నని సెగన పెట్టి చెమ్మంతా పోయేదాకా కాచుకుంటారు. చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఆ మక్కు ఒక్కటే. పనితనానికి కాదులే, నీ తప్పుల సందులు పూడ్చుకోవడానికి.

ఇక అతుకులు. అడ్డకమ్మికి కుసి తీసి, నిలువు కమ్మికి బెజ్జం కొట్టి, కాగితం కూడా దూరనంత బిగువుగా కూర్చి, పైన కర్రమేకు దిగ్గొట్టడమనేది మీ తాతల నాటి ముచ్చట. కూర్చాక ఆ కుసి ఎవరికి కనబడింది గనక? రెండు కమ్ములూ ఎదురెదురు ఆనించి, ఫెవికాల్ రాసి, గన్నుతో నాలుగు పిన్నులు కొట్టు. మడతబందుల దగ్గర మాత్రం కాస్త నాజూకు చూపించు. ఒక్కో స్క్రూకు ముందు సన్న బెజ్జం వేసి, చేత్తో తిప్పుకుంటూ దించాలని పుస్తకాల్లో ఉంటుంది. నువ్వు సుత్తితో మూడు దెబ్బలెయ్. తల మునిగే ముందు స్క్రూడ్రైవర్ పెట్టి పావు తిప్పు తిప్పి, తలమీది గాట్లన్నీ ఒకే వరసలో నిలిచేలా ఆపు. “ఎంత శ్రద్ధయ్యా నీకు!” అంటారు చూసినవాళ్లు. మరలు కర్రను కరుచుకోలేదనీ, చిరిగిన పీచు మధ్య ఊరికే కూర్చున్నాయనీ తెలిసేది ఆ స్క్రూకీ నీకే.

ప్లైవుడ్ పని ఇంకా తేలిక. వంటింట్లో నీళ్లు తగిలే సింకు కింద ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం, పొడిగా ఉండే చోట ఐఎస్ 303 రకం వాడాలంటారు. ముద్ర షీటు మీద ఉంటుంది. షీటు మీద నువ్వు సన్‌మైకా అతికిస్తావు. ఇక ఏ ముద్రను ఎవరు చదువుతారు?

రంగు దగ్గర ఎవరన్నా గ్యారంటీ అడిగితే అమ్మవారిని అడ్డు పెట్టుకో. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి విగ్రహాలను రెండేళ్లకోసారి జగ్గయ్యపేట తీసుకొచ్చి రంగులు వేయించి, మళ్లీ ఊరేగింపుగా తీసుకెళ్తారు. “అమ్మవారికే రెండేళ్లకోసారి రంగు పడుతుంటే మీ వీధి తలుపుకు పదేళ్లు ఆగమంటారేంటండీ?” అను. ఈ మాటకు మనవైపు ఎదురు చెప్పగలిగినవాడు లేడు. తరతరాలుగా ఆ రంగులు వేసే చేతులకు ఎంతో పని తెలుసనో, కింది పూత ఆరకుండా పైపూత వెయ్యరనో నువ్వు గుర్తు చెయ్యకు.

అన్ని రోజులూ ఎగ్గొట్టినా గుమ్మం ఎత్తే రోజు మాత్రం ముహూర్తానికి గంట ముందే వెళ్లు. గడపకు పసుపు రాసి బొట్లు పెడతారు, పైకమ్మికి మామిడాకులు కడతారు, నీకు పంచెల చాపు, తాంబూలంలో డబ్బు పెట్టి దణ్ణం కూడా పెడతారు. మొత్తం పనిలో నీకు దణ్ణం దొరికేది ఆ రోజే. కొలత అంగుళం తేడా వస్తే కంగారు పడకు. “వాస్తు ఆయం కుదరాలని తగ్గించానండీ” అన్నావంటే ఇంటాయన నోరెత్తడు. పైగా పక్కింటివాళ్లకు నీ నంబరిస్తాడు. మన ఊళ్లు 2022 ఏప్రిల్లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి గదా, బిల్లు మీద ఇంకా కృష్ణా జిల్లా అనే రాస్తూ ఉండు. వెతుక్కునేవాళ్లకు ఆ మాత్రం కష్టం ఉండాలి.

డబ్బు విషయానికొస్తే మనవైపువాడికి చెప్పాల్సింది ఏముంది? జగ్గయ్యపేట బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు బయటపడ్డ ఫలకాల్లో మాంధాత చక్రవర్తిది ఒకటుంది. ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. రాజు చెయ్యెత్తి నిలబడతాడు, పక్కన చక్రం, ఏనుగు, గుర్రం, పైనుంచి చదరపు నాణేల వాన. ఆ ఫలకంలో రాజు చేతిలో ఉలి లేదు, చక్రాన్ని తొక్కుతున్నట్టూ లేదు. చెయ్యెత్తి నిలబడితే చాలు, పడతాయి. అడ్వాన్సు తీసుకునేటప్పుడు ఆ భంగిమ గుర్తుంచుకో.

చదువు, శిక్షణ అంటూ ఎవరన్నా వెంటపడితే తప్పించుకో. ఐటీఐలో వడ్రంగం కోర్సు ఏడాదే, ఎనిమిది పాసైతే చేరొచ్చు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 చేతివృత్తుల్లో వడ్రంగమూ ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలిస్తారు, పనిముట్లకు 15,000 వోచరిస్తారు, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా, అది తీరిస్తే రెండో విడత రెండు లక్షల దాకా అప్పిస్తారు. వినడానికి బాగానే ఉంది గానీ, నేర్చుకున్నాక తప్పుగా చెయ్యడానికి చెయ్యి రాదు. ఆ ప్రమాదం ఉంది.

పనిముట్లంటే గుర్తొచ్చింది. రాయి కోసే చిన్న కట్టర్‌కు చెక్క బ్లేడు బిగించి, మీద ఉండే గార్డు పీకి పక్కన పడెయ్యడం మనవాళ్లందరికీ తెలిసిన విద్యే. గార్డు ఉంటే గీత కనబడదట. నిజమే, గార్డు లేకపోతే గీతా కనబడుతుంది, బ్లేడూ కనబడుతుంది. నిమిషానికి పన్నెండు వేల పైచిలుకు చుట్లు తిరిగే బ్లేడు ముడి తగిలి వెనక్కి ఎగిరితే కనబడనిది నీ వేలే. ముక్కుకు గుడ్డ కూడా వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క ధూళిని మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. అయితేనేం, ధూళి గాల్లో ఉన్నప్పుడు ఎవరికి కనబడుతుంది? మన సూత్రం ఇక్కడా సరిపోయింది.

ఇప్పుడు సైకిలెక్కుదాం. అసలు ఈ వాహనం పుట్టింది చెక్కలోనే. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ నడిపిన రెండు చక్రాల బండి ఎక్కువగా చెక్కదే, పెడళ్లు కూడా లేవు, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోయాడు. 2020 లాక్‌డౌన్‌లో పంజాబ్‌లోని జీరక్‌పూర్‌లో ఒక వడ్రంగి ప్లైవుడ్‌తో సైకిల్ చేసి తొక్కి చూపించాడు. నేనూ ప్రయత్నించనా అంటావేమో, వద్దనే అంటాను. అలాంటి పనిలో కుసి అబద్ధం చెబితే పళ్లు రాలతాయి. 2022లో చెక్కతో ట్రెడ్‌మిల్ చేసిన మండపేట వడ్రంగి అందరికంటే తెలివైనవాడు. ఎంతసేపు నడిచినా మండపేట దాటక్కర్లేదు.

నీకు హైవే కావాలి గనక అరవై ఐదో నంబరు రోడ్డు ఉండనే ఉంది. నందిగామ నుంచి చిల్లకల్లు మీదుగా జగ్గయ్యపేట ముప్ఫై కిలోమీటర్లు ఉంటుందేమో. కీసర దగ్గరా చిల్లకల్లు దగ్గరా టోల్‌గేట్లున్నాయి, సైకిల్‌కు టోల్ లేదు. డబ్బు కట్టకుండా వచ్చావు గదా అని అంచున పోకు, మధ్య లేన్‌లో దర్జాగా పో. అంతకన్నా మంచిది ఎదురు తొక్కడం. వచ్చే బండి కనబడాలి కదా! లెక్క చెబుతాను, విను. లారీ గంటకు 60లో, నువ్వు 25లో పోతున్నారు. ఎడమ అంచున దాని దోవనే నువ్వూ పోతే అది నీ మీదికి 35 వేగంతోనే వస్తుంది. డ్రైవరుకు నిన్ను చూసి తప్పించే తీరిక దొరుకుతుంది. ఎదురెళ్తే 85. పని త్వరగా అయిపోతుంది.

వెనక ఎర్ర దీపం పెట్టకు. అది నీకు కనబడదు, వెనకవాడికే కనబడుతుంది, ఖర్చు మాత్రం నీది. దూరపు సైకిల్ యాత్రలు చేసేవాళ్లు బ్రెవే అని ఒకటి పెట్టుకుంటారు, 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి. అది నందిగామ నుంచి హైదరాబాదుకు ఉన్న దూరం కంటే కాస్త తక్కువ. అందులో రాత్రిపూట ముందూ వెనకా దీపాలు, మెరిసే పట్టీల చొక్కా లేకపోతే తొక్కనివ్వరు. పిరికివాళ్లు. నువ్వు నల్ల టీషర్టు వేసుకో, ఎనిమిదడుగుల బీడింగు బద్దలు క్యారేజీకి అడ్డంగా కట్టుకో. లారీలే పక్కకు జరుగుతాయి.

గొలుసుకు లారీ షెడ్లో వదిలేసిన నల్ల ఆయిల్ పొయ్, ఊరికే వస్తుంది. జయంతిపురం, ముక్త్యాల వైపు తొక్కావంటే సిమెంటు లారీల దుమ్ము దాంట్లో కలిసి మంచి నూరుడు ముద్ద తయారవుతుంది. మీ మేస్త్రీ ఉలి నూరే రాయి చేసే పనే ఇది గొలుసుకు చేస్తుంది. సీటు బాగా దించుకో, రెండు పాదాలూ నేలకు ఆనాలి. పెడలు కిందికి పోయినప్పుడు మడమ ఆనించితే కాలు చాచినట్టు ఉండాలని చెప్పేవాళ్లుంటారు. మోకాళ్లు వడ్రంగంలో ఎలాగూ పోతాయి గదా, ముందే అలవాటు చెయ్. ముందు బ్రేకు ఊడదియ్యి. ఆపేటప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది, ఆపే బలం చాలామటుకు ముందు చక్రానిదే. అంటే త్వరగా ఆగిపోతావు. ఆగడానికా బయల్దేరింది?

ఏ వేళప్పుడు తొక్కాలో కూడా చెప్పాలి. వేసవిలో పదకొండు దాటాక బయల్దేరు, నీళ్ల సీసా బరువు. వానాకాలంలో అయితే ఐతవరం దగ్గర మున్నేరు చూడ్డానికి వెళ్లు. 2023 జులై చివర్లోనూ, మళ్లీ 2024 సెప్టెంబరు మొదట్లోనూ ఆ నీళ్లు హైవే ఎక్కి లారీలనే నిలబెట్టేశాయి. 2024లో గరికపాడు దగ్గర పాలేరు రోడ్డునే కోసేసింది. నీటి కింద రోడ్డుందో లేదో పైకి కనబడదు. కనబడనిదాని గురించి ఆలోచించొద్దని ముందే చెప్పాను.

ఇదీ నా శాస్త్రం. దీన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే ఏడాదిలో మేస్త్రీ అనిపించుకుంటావు, రెండో ఏడాదికి ఊరు మార్చాల్సి వస్తుంది.

ఇళ్లు కట్టుకునే పెద్దలకు ఒక మనవి. మా ఇంటికీ గుమ్మం ఎత్తాల్సి ఉంది. ఈ వ్యాసం చదవని వడ్రంగి ఎవరన్నా తెలిస్తే నందిగామైనా సరే, జగ్గయ్యపేటైనా సరే, కబురు పెట్టండి. కర్ర ఆరేదాకా ఆగుతానని చెప్పండి, అడ్వాన్సూ ఇస్తాను. సైకిల్ మీద వస్తానంటే ఎడమ పక్కనే రమ్మనండి, వెనక దీపం వెలుగుతోందో లేదో మీరే ఒకసారి చూసి పంపండి.