పొడుగోడు బెంగళూరు బస్సెక్కాక

బాస్కెట్‌బాల్ అయిదుగురి ఆట అని పుస్తకాల్లో ఉంటుంది. మా మార్కాపురంలో మాత్రం ఒకడే ఆడేవాడు. మిగతా నలుగురం వాడి చేతికి బంతి చేరవేసేవాళ్లం. ఎదుటివాళ్ల దగ్గర లాక్కున్నా, గోడకు కొట్టుకుని వెనక్కొచ్చినా, మురిక్కాలవలో పడి పైకి తేలినా, నలుగురి నోటా ఒకటే కేక: "వాడికెయ్ రా!" మా జట్టు వ్యూహమంతా ఆ కేకలోనే ఇమిడిపోయింది.

వాడంటే పొడుగోడు. వాడికో పేరుంది కానీ, అది రేషన్ కార్డు దాటి బయటికి రాలేదు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడివయసుకే నడుములు వంగిపోయే నేల మీద వీడొక్కడు అంత నిటారుగా ఎట్లా లేచాడో ఎవరికీ అంతుబట్టలేదు. "చిన్నప్పుడు సద్దరొట్టె బాగా తిన్నాడు నాయనా" అనేది వాళ్ల నాయనమ్మ. సద్దరొట్టె మేమూ తిన్నాం. మాకు పొట్టలొచ్చాయి.

వీణ్ని కనిపెట్టిన ఘనత మా డ్రిల్లు సారుది. గ్రౌండు వెనక చింతచెట్టు కింద పిల్లలంతా కొక్కెం కట్టిన గెడ కోసం కొట్టుకుంటుంటే, వీడు పక్కవాడితో కబుర్లు చెబుతూనే చెయ్యెత్తి కాయలు తుంచుకుంటున్నాడట. దొంగతనం చేస్తున్నందుకు చెవి మెలిపెడదామని సారు దగ్గరికెళ్లాడు. చెవి అందలేదు. ఎంపిక అక్కడికక్కడే జరిగిపోయింది.

నిజానికి మా పక్క ఆటంటే కబడ్డీ, వాలీబాల్, క్రికెట్టు. తిరునాళ్లొస్తే ఎద్దుల బండలాగుడు. బాస్కెట్‌బాల్ ఆడుతున్నామంటే పెద్దవాళ్లు, "బుట్టలో వేసేదేంది, మళ్లీ తీసేదేంది?" అనేవాళ్లు. ఆ ప్రశ్నలో న్యాయముంది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో ఈ ఆటను పుట్టించిన జేమ్స్ నైస్మిత్ కూడా డ్రిల్లు సారే. ఆయన పీచ్ పళ్ల బుట్టలు తెచ్చి పదడుగుల ఎత్తున కొట్టించాడు గానీ, వాటి అడుగు తీయించడం తట్టలేదు. బంతి పడ్డ ప్రతిసారీ ఒక మనిషి నిచ్చెనెక్కి తీయాల్సొచ్చేది. అంతకంటే సంగతేమంటే, తర్వాత కాన్సాస్ విశ్వవిద్యాలయం జట్టుకు ఆయనే కోచ్‌గా ఉంటే, 55 ఆటలు గెలిచి 60 ఓడారు. అక్కడ పనిచేసిన కోచ్‌లందరిలో గెలుపులకంటే ఓటములు ఎక్కువున్నది ఆట కనిపెట్టిన మహానుభావుడికే. ఈ ముక్క చెవినబడిన రోజు మా డ్రిల్లు సారు మొహం చూడాల్సింది. కొన్నేళ్లు వయసు తగ్గినట్టు కనిపించాడు.

మా రింగుకు అడుగూ లేదు, నెట్టూ లేదు. కడితే నెల తిరక్కుండా మాయమయ్యేది. ఒకసారి ఓ కూరగాయల సైకిలు హ్యాండిలుకు వేలాడుతూ, లోపల రెండు సొరకాయలతో దర్శనమిచ్చింది. నెట్టు లేకపోతే వచ్చే చిక్కేమంటే, బంతి రింగులోంచి పడిందో, పక్కనుంచి జారిందో కింద నిలబడ్డవాడికి తెలియదు. అప్పుడు పొడుగోడు చెప్పిందే తీర్పు. రింగుకు దగ్గరగా ఉన్న కళ్లు వాడివే కదా! ఆడేవాడూ వాడే, అంపైరూ వాడే. మా రికార్డు బాగుండటంలో దీని పాత్ర లేదని నేను ప్రమాణం చేయలేను.

ఇక స్కోరు పలక మీద రాసేవాళ్లం. దేశానికంతా పలకలు చేసి పంపిన ఊళ్లో ఉండి స్కోరుబోర్డు కొనుక్కుంటే నవ్విపోరూ! చెక్కచట్రంలో నల్లరాతి పలక, ఓ బలపం ముక్క, తుడవడానికి ఉమ్మితడి. స్కోరు కుర్రాడు నిలువుగా గీత గీసి, ఎడంపక్క "పొ" అనీ, కుడిపక్క "వాళ్లు" అనీ రాసేవాడు. "పొ" అంటే మా జట్టు. మిగతా నలుగురికీ అందులో అభ్యంతరం ఉండేది కాదు. బలపం ఆదా.

అట్లాంటి పొడుగోడికి డిగ్రీ అయ్యాక బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఏడవడానికీ లేదు, పండగ చేసుకోవడానికీ లేదు. మా పక్క మనిషి పెరగడమే పోవడానికి. వానలు మొహం చాటేసి బోర్లు గాలి కక్కితే గుంటూరు పక్క మిరపకోతలకు కుటుంబాలే లేచిపోతాయి. నాలుగు ముక్కలు చదివినవాడు హైదరాబాదు, బెంగళూరు. రాత్రి బస్సు దగ్గరికి జట్టంతా వెళ్లాం. అందరి చూపూ వాడి బూట్ల మీదే. పోతూ పోతూ ఇచ్చాడు కూడా. అవి ఎవరికీ పట్టలేదు. ఒక బూటులో ఇప్పుడు డ్రిల్లు సారు పెన్నులు, స్కేలు పెట్టుకుంటున్నాడు. జెర్సీ స్కోరు కుర్రాడికిచ్చాం. వేసుకుంటే మోకాళ్ల దాకా వచ్చి, లోపల నిక్కరుందో లేదో అనే అనుమానం కలిగించేది.

మర్నాడు టీ కొట్టు దగ్గర సభ. మా మేనల్లుడికి ఫోన్లో అమెరికా ఆటలు చూసే జబ్బుంది. వాడే మాకు ప్రపంచ చరిత్ర చెప్పాడు.

"క్లీవ్‌లాండ్ వాళ్లకు ఇంతకంటే పెద్ద దెబ్బ తగిలింది మామా. 2010లో లెబ్రాన్ జేమ్స్ టీవీలో కూచోని, నేను మయామీ పోతున్నానని ఊరంతటికీ చెప్పి పోయాడు. జనం జెర్సీలు తగలబెట్టారు."

"మన జెర్సీ తగలబెట్టబాకండి, ఒకటే సెట్టుంది" అన్నాడు సారు.

క్లీవ్‌లాండ్ జట్టు యజమానికి కోపమొచ్చి, వాడికంటే ముందు మేమే కప్పు కొడతామని బహిరంగ లేఖ రాశాడట. అంతకు ముందటి సీజన్లో 61 ఆటలు గెలిచిన జట్టు ఆ ఏడు గెలిచింది 19. మధ్యలో వరసగా 26 ఓటములు. పోయినాయన 2012లోనే కప్పు కొట్టాడు. కోపంలో ఉత్తరాలు రాయకూడదని మా తాత ఊరికే అనలేదు.

దీనికి పూర్తిగా ఎదురు కథ చికాగోది. 1993 అక్టోబరులో మైకేల్ జోర్డాన్ అంతటివాడు ఆట మానేసి, మరుసటేడు బేస్‌బాల్ ఆడుకోవడానికి పోయాడు. అందరూ ఇక చికాగో పని సరి అనుకున్నారు. జోర్డాన్ ఉండగా 57 గెలిచిన జట్టు, లేకుండా 55 గెలిచింది. రెండే తక్కువ! అప్పుడు అర్థమైంది జనానికి, పక్కన ఉన్నవాళ్లు కూడా చేతులున్న మనుషులేనని. అయితే 1998 సీజన్ అయ్యాక, మళ్లీ ఆటకొచ్చి ఉన్న జోర్డాన్, తోటి ఆటగాళ్లు పిప్పెన్, రాడ్‌మన్, కోచ్ జాక్సన్ మూటాముల్లే సర్దుకుని వరసగా పోయేసరికి, ఆ మరుసటి సీజన్లో జట్టు 50 ఆటల్లో 13 గెలిచింది.

"మరి అట్లా మునిగినవాళ్లు మళ్లీ ఎట్లా లేస్తారు?" అన్నాను.

"డ్రాఫ్ట్ ఉంటది మామా. కాలేజీల నుంచి కొత్తోళ్లు వస్తే, వెనకబడ్డ జట్లకు ముందు ఎంచుకునే అవకాశం ఎక్కువ. దానికోసం కావాలని ఓడేవాళ్లు కూడా ఉన్నారు."

సభ కాసేపు నిశ్శబ్దమైపోయింది. వెనకబడ్డవాడికి ముందు వడ్డన! ఇట్లాంటి ధర్మం భూమ్మీద ఒకచోట అమల్లో ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. ఈ లెక్కన వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు మాకు ఎప్పుడో పారాలి. 1996లో శంకుస్థాపన. పూల సుబ్బయ్య గారి పేరు పెట్టారు. నల్లమల కొండ కింద దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాలు తవ్వడం మొదలుపెట్టారు. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలు పెద్దవాళ్లై, పొడుగై, బెంగళూరు బస్సెక్కారు. వెనకబడటంలో మాకంత సీనియారిటీ ఉన్నా, మొదటి పిక్కు మాకు రాలేదు.

ఆటగాళ్లను మార్చుకునే ట్రేడ్ అనేది కూడా ఉంటుందని మేనల్లుడన్నాడు. అది మాకు కొత్త కాదు. మా మార్కాపురం, గిద్దలూరు పక్కంతా ఒకప్పుడు కర్నూలు జిల్లా. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా కట్టినప్పుడు మమ్మల్ని కర్నూలు నుంచి, ఇంకొందరిని గుంటూరు నుంచి, మరికొందరిని నెల్లూరు నుంచి తీసి ఒక జట్టు చేశారు. రెండేళ్లకు దానికి ప్రకాశం అని పేరు. సముద్రం ఉన్నవాళ్లనూ, అడవి ఉన్నవాళ్లనూ ఒకే జెర్సీలో దింపారు. 2025 చివర్లో మార్కాపురమే జిల్లా అని ప్రభుత్వం ప్రకటించిన రోజు స్వీట్లు పంచుకున్నాం. మా సొంత ఫ్రాంచైజీ! ఆటగాళ్లు ఎక్కడున్నారంటే, బెంగళూరులో.

సభలో మొదటి తీర్మానం, ఇంకో పొడుగాణ్ని వెతకడం. మెడికల్ షాపులో ఒకాయన ఉన్నాడు, మంచి ఎత్తు. అడిగితే దండం పెట్టాడు. "సామీ, ఈ ఎత్తుకు ఇప్పటికే వీధంతా చాకిరీ చేస్తున్నా. ఫ్యాన్లు తుడిచేది నేను, పందిరి గుంజలకు మామిడాకులు కట్టేది నేను. ఇప్పుడు మీ బంతి కూడానా?" దాంతో ఆ తీర్మానం వీగిపోయింది.

మంచిదే అయింది. పేరున్నవాణ్ని తెచ్చి నిలబెడితే జట్టు నిలబడుతుందనే భ్రమ తెలుగువాళ్లకు తెలుగు టైటాన్స్ వదిలించాలి కదా. కబడ్డీలో రాహుల్ చౌదరి ఆరు సీజన్లు మనవాడై ఆడి, 2019లో తమిళ్ తలైవాస్‌కు వెళ్లాడు. మనవాళ్లు సిద్ధార్థ్ దేశాయ్‌ని కోటీ 45 లక్షలకు తెచ్చారు. రెండో సీజన్లో 22 ఆటల్లో ఒకే ఒక్క గెలుపు. తర్వాత పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైగా పోసి కొంటే రెండు గెలిచారు. గెలుపుకు కోటీ ముప్ఫై అన్నమాట. 2025లో పవన్ లేకుండానే ప్లేఆఫ్స్‌కు పోయారు. ఆ సంగతి నేనే గుర్తుచేశాను. మా జేబులో డబ్బుల్లేనందువల్ల అందరూ వెంటనే ఒప్పుకున్నారు.

అంతెందుకు, మా ఊరు పోగొట్టుకున్నదాని ముందు పొడుగోడెంత? ఒకప్పుడు ఇక్కడ రాతిపలక ఒక్కటే ఆడేది, ఊరంతా దానికి బంతి అందించేది. నోటుపుస్తకాలూ ప్లాస్టిక్కు పలకలూ వచ్చాక దాని రోజులు పోయాయి. అదే రాయిని టైల్సుగా కోసి, గోడలకూ నేలకూ వేసే బండలుగా విదేశాలకు ఎగుమతి చేస్తున్నారిప్పుడు.

మా కొత్త ఆటగాడు కూడా అక్కడినుంచే దొరికాడు. పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చే కుర్రాడు. అయిదడుగుల నాలుగంగుళాలకు మించడు. వాడు పని చేస్తుంటే చూశాను. దిమ్మను నిలబెట్టి, అంచున ఉలి ఆనించి, సుత్తితో చిన్నగా రెండుసార్లు తడతాడు. చెవి ఒగ్గి వింటాడు. చప్పుడు మారగానే ఒక్కటిస్తే దిమ్మ పొరగా విడిపోతుంది. విడిన పొరను చూడకుండానే పక్కవాడి వైపు తోస్తాడు, వాడూ చూడకుండానే అందుకుంటాడు. ఆ చేతికి బాస్కెట్‌బాల్ ఇచ్చాం. మొదటి రోజే బంతి నా ఛాతీకి తగిలింది. వాడు ఇచ్చాడని కూడా నాకు తెలియదు. ఆ తర్వాత అలవాటైంది. ఇక్కడ చిత్రమేమంటే, వాడు "ఎవరికెయ్యాలి?" అని అడిగేవాడు కాదు. ఖాళీగా ఎవడుంటే వాడికేసేవాడు. ఖాళీగా ఉండటంలో నన్ను మించినవాడు లేనందువల్ల, ఏళ్ల తరబడి ఆడిన నేను మొదటిసారి బుట్ట వైపు చూడాల్సివచ్చింది. అది నేననుకున్నదానికంటే చాలా ఎత్తున ఉంది.

గిద్దలూరులో మ్యాచి. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి, తర్లుపాడు, కంభం మీదుగా వెళ్లాం. దిగగానే వాళ్ల కెప్టెన్ మా తలల పైన వెతికాడు.

"ఏందన్నా, మీ పొడుగోడు యాడ?"

"బెంగళూరు."

పాపం, ఆ పిల్లాడి మొహం వాడిపోయింది. పొడుగోణ్ని ఎట్లా ఆపాలో సాధన చేసుకున్నారట. ఒకడు వెనక, ఒకడు ముందు, ఇంకొకడు స్టూలెక్కి చేతులు చాపితే, వాడి పైనుంచి బంతి వేయడం. ఇప్పుడా చదువంతా ఏం చేసుకోవాలి? అలవాటు కొద్దీ వాళ్లలో ఇద్దరు, పొడుగోడి చోట ఆడుతున్న మా సెంటర్ పక్కనే అతుక్కుపోయారు. అతను పొట్టివాడు, పైగా బంతి అడగడు. ఈ సందులో మేం అయిదుగురమూ తలా కొన్ని పాయింట్లు వేశాం. నేనూ ఒకటి వేశాను. వాళ్ల రింగుకు నెట్టుంది, కాబట్టి సాక్ష్యం ఉంది.

ఓడిపోయాం, ఆరు పాయింట్ల తేడాతో. కానీ అసలు గొడవ పలక దగ్గర. స్కోరు కుర్రాడు "పొ" తుడిచేసి అయిదు పేర్లు రాసేసరికి సగం పలక అయిపోయింది. అంకెలకు చోటు లేదు. గిద్దలూరు వాళ్ల లెక్క పలక వెనకవైపు రాశాడు. ఎవరెంతలో ఉన్నారో తెలియాలంటే ఆట ఆపి పలక తిప్పాల్సివచ్చింది. "పెద్ద పలక చేయించుకోండన్నా, మీ ఊళ్లోవేగా!" అన్నారు వాళ్లు. పలకలబ్బాయి రెండడుగుల టైల్ ఒకటి తెచ్చాడు. మొయ్యడానికి ఇద్దరు కావాలి. రిజర్వు ఆటగాళ్లకు పని దొరికింది.

సంక్రాంతికి పొడుగోడు వచ్చాడు. కాస్త ఒళ్లు చేశాడు. బ్యాగులో బూట్లు కొత్తవి, మొహంలో దయ. "నేను లేక ఇబ్బంది పడుతున్నారంట గదా, ఈ రెండ్రోజులు ఆడిపోతాలే" అన్నాడు. లెబ్రాన్ కూడా 2014లో ఇట్లాగే తిరిగొచ్చి 2016లో క్లీవ్‌లాండ్‌కు కప్పు తెచ్చాడని మేనల్లుడు ఎగిరి గంతేశాడు. డ్రిల్లు సారు కళ్లజోడు తుడుచుకుని, జాబితా చూసి, "రాయించుకో. ఆరోవాడివి" అన్నాడు.

పొడుగోడు నవ్వాడు. సారు నవ్వలేదు. ఆ రోజు మ్యాచిలో వాడు బెంచీ మీద కూచుంటే మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. మొదటి సగమంతా, "నాకెయ్యండి రా... అది కాదు, నాకు..." అని అలవాటుగా అంటూనే ఉన్నాడు. కూచున్నవాడికి బంతి ఎవడేస్తాడు? రెండో సగంలో రింగు కింద తగువొచ్చింది. బంతి పడిందని మేం, లేదని వాళ్లు. పొడుగోడు ఠీవిగా లేచి, "పడింది" అన్నాడు. "బెంచీ మీదోడు చెబితే చెల్లదన్నా" అన్నారు అవతలివాళ్లు.

సారు ఆట ఆపి, పంచాయితీకి పదే పదే చోటివ్వకుండా బీరువాలోంచి కొత్త నెట్టు తీశాడు. నిచ్చెన కోసం మనిషిని పంపబోతుంటే పలకలబ్బాయి, "నిచ్చెనెందుకు సార్, అన్నకు స్టూలు చాలు" అన్నాడు. పొడుగోడు కొత్త బూట్లతోనే స్టూలెక్కాడు. కింద అయిదుగురం స్టూలు కాళ్లు పట్టుకున్నాం.

"మామా, ఇది మళ్లీ ఎవడో ఎత్తుకుపోతాడు" అన్నాడు పైనుంచి ముడేస్తూ.

"పోతే ఉగాదికొచ్చి ఇంకోటి కడుదువులే, గట్టిగా ముడెయ్" అన్నాడు సారు.