బండిని మోసే బండిని మోసే బండి

అఫ్గానిస్తాన్‌లో వదిలి వచ్చిన సైనిక సామగ్రిని తిరిగి తెచ్చుకోవాల్సిందేనని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ 2025 ఫిబ్రవరి 26న తన రెండో దఫా పాలనలోని తొలి మంత్రివర్గ సమావేశంలో సెలవిచ్చిన నాటి నుంచి, ఆ మాట న్యాయమా, సాధ్యమా అని రాజనీతిజ్ఞులు తర్జనభర్జన పడుతున్నారే గాని, దానివల్ల భారతీయ తర్కశాస్త్రానికి జరిగిన మేలును ఎవరూ గుర్తించకపోవడం విచారకరం. ఒకదాన్ని నిలబెట్టడానికి మరొకటి, ఆ మరొకదాన్ని నిలబెట్టడానికి ఇంకొకటి కావలసి వచ్చి, ఆ వరుస ఎక్కడా ఆగకుండా సాగిపోవడాన్ని నైయాయికులు, అంటే న్యాయదర్శనాన్ని అనుసరించే తార్కికులు, ‘అనవస్థ’ అనే దోషంగా లెక్కించారు. శతాబ్దాలుగా తాళపత్రాలకే పరిమితమైన ఆ దోషానికి చక్రాలు బిగించి రోడ్డెక్కించిన ఘనత శ్వేతసౌధానికే దక్కుతుంది కనుక, ఈ కొత్త శాఖకు ‘వాహకానవస్థ’ అని పేరు పెట్టడం సముచితం.

ముందుగా సరుకు ఎంతో తెలియాలి. అమెరికా రక్షణశాఖ 2022లో కాంగ్రెసుకు సమర్పించిన నివేదిక ప్రకారం, అఫ్గాన్ సేనలకు తాము సమకూర్చిన వాటిలో 712 కోట్ల డాలర్ల విలువైన సామగ్రి అక్కడే మిగిలిపోయింది. అందులో వాహనాలే 40,000కు పైగా ఉండగా, వాటిలో సుమారు 12,000 హంవీలు, అంటే జీపుకు వారసులుగా వచ్చిన సైనిక వాహనాలు. తాలిబన్లు 2024 ఆగస్టులో బగ్రాం స్థావరంలో కవాతు చేయించిన నాలుగు బళ్ళను పక్కన పెడితే, 2021 నుంచి సరైన విడిభాగాలు లేని తక్కినవన్నీ తమంతట తాము సముద్రం దాకా నడిచి వస్తాయని ఆశించడం సాహసమే అవుతుంది.

కాబట్టి వాటిని మోసుకు రావడానికి ట్రైలర్లు కావాలి. ట్రైలర్ అంటే సొంత ఇంజను లేకుండా, ముందున్న లారీ కొక్కేనికి తగులుకుని నడిచే బండి గనుక, ప్రతి ట్రైలర్‌కూ ఒక లారీ కావాలి. లారీకి డీజిల్ పోయడానికి ట్యాంకరు కావాలి; కనుమల్లో ట్యాంకర్లు తగలబడిన చరిత్ర ఉన్నది గనుక ట్యాంకరుకు కాపలా వాహనం కావాలి; ఆ దారుల్లో కాపలాకు పనికొచ్చే వాహనం ఏదని విచారిస్తే అది హంవీయేనని తేలుతుంది. హంవీని తేవడానికి హంవీని పంపాలి. బయలుదేరిన చోటికే తిరిగి చేరే ఇలాంటి వాదనను తార్కికులు ‘చక్రకం’ అన్నారు. ఆ పేరుకు తగినట్టు నాలుగు చక్రాలున్న ఉదాహరణ వారికి తారసపడకపోవడం కాలదోషం తప్ప వారి లోపం కాదు.

తేవడానికి వెళ్ళే ట్రైలర్లు పోయేటప్పుడు ఖాళీగానే పోతాయి. ఖాళీ ట్రైలర్లను దూరప్రాంతాలకు తరలించవలసి వచ్చినప్పుడు చక్రాలు విప్పి ఒకదానిపై ఒకటి పేర్చి, ఆ దొంతరను మరో ట్రైలర్‌కు ఎక్కించడం రవాణాదారులకు తెలిసిన పొదుపు. అంటే మోయడానికి పుట్టినవాటిని ముందుగా మరొకటి మోయాలి, ఆ మోసేదాన్ని ఓడ మోయాలి. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అన్న తెలుగు సామెతలోని వేదాంతాన్ని పక్కన పెట్టి, దాన్ని రవాణాశాఖ ఉత్తర్వుగా అమలు చేయడమే ఇది. తీరా పని పూర్తయ్యాక ఈ కొత్త ట్రైలర్లు, లారీలు, ట్యాంకర్లు, కాపలా బళ్ళు కాబూల్‌లో మిగిలిపోతాయి. ‘మిగులు సామగ్రి’ అంటే, వదిలేయడానికి అయ్యే ఖర్చు కంటే తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు ఎక్కువైన వస్తువు అని నిర్వచించుకుంటే, వాటిని తిరిగి తెమ్మని మరో మంత్రివర్గ సమావేశంలో మరో అధ్యక్షుడు ఆజ్ఞాపించవలసి ఉంటుంది. భూమిని ఆదిశేషుడూ, ఆదిశేషుణ్ణి ఆదికూర్మమూ మోస్తున్నారని చెప్పిన పౌరాణికులు తాబేలు దగ్గర ఆగిపోయే వివేకం చూపారు. పెంటగాన్‌కు ఇంతవరకు తాబేలు దొరకలేదు.

దారి సంగతి కూడా శాస్త్రానికి అనుకూలంగానే ఉన్నది. అఫ్గానిస్తాన్‌కు సముద్రతీరం లేదు. కరాచీ రేవు నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి చేరే తోర్ఖమ్ సరిహద్దు ద్వారం ఒక కాపలాగది నిర్మాణంపై తగాదా వల్ల 2025 ఫిబ్రవరి 21న మూతపడింది. 2011 నవంబరులో నాటో దాడిలో 24 మంది పాకిస్తాన్ సైనికులు మరణించినప్పుడు ఈ దారులు 7 నెలల పాటు మూతపడగా, అంతకుముందు లారీకి 250 డాలర్లుగా ఉన్న రుసుమును పాకిస్తాన్ 5,000కు పెంచమని అడిగింది. రష్యా, మధ్యాసియాల మీదుగా చుట్టు తిరగడానికి నెలకు 10 కోట్ల డాలర్లు అదనంగా ఖర్చవుతున్నదని అప్పటి రక్షణమంత్రి పనెటా స్వయంగా చెప్పారు.

ఈ సిద్ధాంతాన్ని అమెరికా సైన్యం ఇదివరకే ప్రయోగంతో నిర్ధారించుకుంది. 2013 నాటికి 17 కోట్ల పౌన్ల సామగ్రిని, అంటే సుమారు 77,000 టన్నులను, అఫ్గాన్ గడ్డపైనే ముక్కలు చేసి పాత ఇనుము కింద తూకానికి అమ్మింది. 700 కోట్ల డాలర్లకు పైగా విలువైన సామగ్రి ఇక అవసరం లేదనో, ఇంటికి చేర్చే ఖర్చు భరించలేమనో తీర్మానించింది. సీ-17 అనే భారీ రవాణా విమానం ఒక విడతలో గరిష్ఠంగా 77 టన్నులు మోయగలదు కనుక, ఆ ఇనుముకు 1,000 విమాన ప్రయాణాలు కావలసి వచ్చేవి. నాలుగణాల కోడికి పన్నెండణాల మసాలా దండగ అన్న తెలుగు ఇల్లాలి లెక్క సేనాపతులకు ఆనాడు తెలిసింది. దశాబ్దం తర్వాత అంతే విలువైన మరో పద్దును పాలకులు అదే దారిన వెనక్కి తెమ్మంటున్నారంటే, ఆ లెక్క మరచిపోయారని కాదు, సరుకు ఎన్నటికీ కదలనవసరం లేదనీ మాట కదిలితే చాలుననీ వారికి తెలుసునని అర్థం.

అనవస్థ అంటని సరుకు ఒకటున్నది. దాన్ని ఎక్కించడానికి కొక్కెం, క్రేను, ట్రైలర్ అక్కరలేదు. తలుపు తెరిస్తే తనంతట నడిచి వచ్చి విమానం ఎక్కుతుంది. అమెరికాలో పునరావాసానికి అన్ని పరీక్షలూ దాటి అనుమతి పొందిన సుమారు 1,660 మంది అఫ్గాన్లను 2025 జనవరి 20 నాటి ఉత్తర్వుతో విమాన ప్రయాణాల జాబితా నుంచి తొలగించారు. అమెరికా సైన్యంలో అప్పటికి పనిచేస్తున్నవారి కుటుంబసభ్యులు, తమవారిని చేరాలని ఒంటరిగా ఎదురుచూస్తున్న పిల్లలు, అమెరికా నిలబెట్టిన ప్రభుత్వం తరఫున పోరాడి తాలిబన్ల పగకు గురికాగల సైనికులు వారిలో ఉన్నారు. ఆ 40,000 వాహనాలను ఏ సైనికుల కోసమని కొన్నారో ఆ సైనికులే ఈ చివరివారు. వాహనాలు కావాలి, వాటిలో కూర్చుని అమెరికా యుద్ధం చేసినవారు వద్దు! ఇనుమును పేరుపేరునా పిలుస్తూ, మాట నమ్మి ప్రాణం ఒడ్డిన మనుషులను తూకానికి కూడా పనికిరాని తుక్కుగా విడిచిపెట్టడానికి ఏ శాస్త్రంలోనూ గౌరవప్రదమైన పేరు లేదు; లోకంలో దాన్ని నమ్మకద్రోహం అంటారు.

2021 ఆగస్టు 15 రాత్రి కాబూల్ నుంచి లేచిన ఒక్క సీ-17 విమానం 823 మందిని నేలమీద కూర్చోబెట్టుకుని మోసుకుపోయింది. 1,660 మందికి అలాంటి విమానాలు రెండు చాలవనుకుంటే, మూడు చాలు.