దేహభార సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: తొలిమారు జంటగా దూకగోరు అభ్యర్థి దేహభారము 90 కిలోలు మించరాదు. మించినచో కిలో ఒక్కింటికి అదనపు రుసుము వర్తించును.

అవతారిక: విమానం నుంచి శిక్షకుడితో కలిసి దూకే క్రీడకు టాండెమ్ స్కైడైవింగ్ అని పేరు. దాని దరఖాస్తుల్లో కనిపించే షరతులను ఒక్కచోట వడగడితే మిగిలేది పై వాక్యం. ఇది ఏ ఒక్క సంస్థదీ కాదు. అంకె చోటును బట్టి సాధారణంగా 90కీ 110కీ నడుమ కదులుతుంది. గాంభీర్యం మాత్రం ఎక్కడా కదలదు. గడ్చిరోలి జిల్లా సిరోంచలో ఆకాశం ఉంది గాని దూకే ఏర్పాటు లేదు. ఆ పని మీద హర్యానాలోని నార్నౌల్ దాకా పోవాలి. అయినా ఈ టీక సిరోంచ పక్కన పారే ప్రాణహిత గట్టున పుట్టడానికి కారణం ఉంది. ఒంటి బరువును కాంటా మీద పెట్టి డబ్బు లెక్కగట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

ప్రతిపదార్థం: 'తొలిమారు', 'దూకగోరు', 'కిలో' అనేవి సుగమాలు. సుగమమైన మాటకు పేజీలు నింపి, చిక్కు వచ్చినచోట 'స్పష్టము' అని దాటిపోవడం టీకాకారుల ఆచారం. ఇక్కడ ఆ ఆచారంలో మొదటి సగాన్ని వదిలేశారు.

'జంటగా' అంటే శిక్షకుడి ఛాతీకి నాలుగు కొక్కేలతో అభ్యర్థి వీపును బిగించగా ఏర్పడిన ఏకశరీరంగా అని అర్థం. 1980ల తొలినాళ్ళలో అమెరికాలో బిల్ బూత్, టెడ్ స్ట్రాంగ్ ఈ పద్ధతికి రూపం ఇచ్చారు. శిష్యుడు ముందు, గురువు వెనుక. ఛందస్సు చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. లఘువు వెనుక సంయుక్తాక్షరం చేరితే ఆ లఘువు గురువవుతుంది. ఇంట్లో కాంటా మీద తేలికగా ఉన్న మనిషి, వెనుక మరొకరు సంయుక్తం కాగానే బరువెక్కడం అదే సూత్రం.

'దేహభారము' అనే మాటలో దేహం ఒక భాగమే. బూట్లు, బట్టలు, బెల్టు అన్నీ అందులోకే వస్తాయి. మహారాష్ట్రకు చెందిన శీతల్ మహాజన్ 2018లో థాయిలాండ్‌లో తొమ్మిది గజాల నౌవారీ చీరతో దూకారు. చీర బరువు దేహభారంలోకి వస్తుందా రాదా అన్నదానిపై మూలకారుడు మౌనం వహించాడు.

అసలు విషయం అభ్యర్థి ఒక్కడి బరువు కాదు. వాడుకలో ఉన్న సిగ్మా అనే సరంజామా మోయగల మొత్తం బరువు 500 పౌనులు, అంటే సుమారు 227 కిలోలు. శిక్షకుడు, అభ్యర్థి, పారాచూట్ గొడుగుల సంచి అన్నీ అందులోనే. సంచి 25 కిలోలు అనుకుంటే, 75 కిలోల శిక్షకుడి ముందు 127 కిలోల అభ్యర్థికి చోటుంది. శిక్షకుడు 95 కిలోలైతే 107కే సరి. గురువు ఎంత గురువైతే శిష్యుడు అంత లఘువు కావాలి. 'అభ్యర్థి' అని మొదలైన వాక్యంలో శిక్షకుడి బరువు ఊసే లేకపోవడం వ్యాకరణ దోషం కాదు, మర్యాద.

విశేషం: ఈ 500 పౌనుల దగ్గర కాసేపు ఆగక తప్పదు. మదరాసు కొలతల్లో మణుగు 25 పౌనులు. ఎనిమిది వీసెలు ఒక మణుగు. ఇరవై మణుగులు ఒక బారువ. ఇరవై ఇరవై అయిదులు అయిదు వందలు. అంటే అమెరికాలో పుట్టిన సరంజామా మోసేది సరిగ్గా ఒక బారువ. పొగాకు, బెల్లం కొలిచిన బారువలోనే ఇప్పుడు ఇద్దరు మనుషులూ రెండు గొడుగులూ దూకుతున్నారు. ఈ లెక్క సిరోంచకు పరాయిది కాదు. 1860లో నిజాం నుంచి బ్రిటిషు చేతికి వచ్చిన గోదావరి ఎడమగట్టు తాలూకాలన్నీ ఎగువ గోదావరి జిల్లా అయ్యాయి. దానికి సిరోంచ ముఖ్యపట్టణం. 1874లో జిల్లా రద్దయి సిరోంచ చాందాలో కలిసింది. భద్రాచలం, రేకపల్లి మాత్రం మదరాసుకు పోయాయి, మణుగులూ బారువలూ ఉన్న వైపుకే. నాగపూరు వైపు పత్తిని పడవల మీద సముద్రానికి దించాలని గోదావరిలో రాళ్ళు పగలగొట్టి, అడ్డుకట్టలు కట్టి, చివరికి 1871లో పని మానుకున్నారు. పత్తి బరువు ఏ పడవకు ఎంత అన్న లెక్క అప్పుడు వేసినవాళ్ళున్నారు. వంతెన పడకముందు సిరోంచ నుంచి కాళేశ్వరం రేవుకు దాటించిన పడవవాళ్ళూ వేశారు. దొడ్డు మనిషిని చూసి 'నడుమ కూసో' అనేవారు. రుసుము అడిగేవారు కారు.

మూలం ఎక్కడో ఉండిపోయింది. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని కొలచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన ఊరు మెదకు కొల్చారం. సిరోంచకు చాలా దూరం. ఆ నియమం ఇక్కడిదాకా రాలేదు.

ఈ ప్రాంతంలో బరువు జోకుడుకు ఘనమైన సందర్భం మేడారం. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమి వేళ వస్తుంది. గోదావరి దాటి సిరోంచ వైపు జనమూ పోతారు. అక్కడ బెల్లం పేరు బంగారం. మొక్కుకున్న మనిషిని కాంటాలో ఒకవైపు కూసోబెట్టి, రెండోవైపు బెల్లం దిమ్మెలు పెడతారు. దొడ్డు మనిషికి బెల్లం ఎక్కువ పడుతుంది, ఖర్చూ ఎక్కువే. కాని ఆ ఖర్చు ఇంటి పెద్దరికం. చుట్టూ చేరినవారు ముల్లు వైపు చూసి నవ్వుతారు గాని, కాంటాలో ఉన్నవారు తల దించుకోరు. రంగస్థలం మీదా అంతే. ముత్తరాజు సుబ్బారావు శ్రీకృష్ణ తులాభారం నాటకంలోనూ 1966 నాటి సినిమాలోనూ కృష్ణుణ్ణి తూచారు గాని, కృష్ణుడు లావయ్యాడన్న మాట ఎవరి నోటా రాలేదు. సత్యభామ నగలు చాలకపోవడం ఆమె లోటు.

'మించరాదు': నిషేధం. 'మించినచో': నిషేధానికి ధర. రాకూడదన్నది వస్తే ఏమవుతుందో ఈ రెండో వాక్యంలో ఉంది. నిజానికి బరువు మించితే జరిగేదాన్ని మూలకారుడు చెప్పాల్సింది. ఇద్దరు కలిసి పడుతుంటే వేగం గంటకు 280 కిలోమీటర్లు దాటిపోతుంది. కొన్ని క్షణాల్లో చిన్న గొడుగు ఒకటి తెరుచుకుని దాన్ని 200 లోపుకు దించుతుంది. బరువు పెరిగేకొద్దీ పెద్ద గొడుగు తెరుచుకునే అదురు పెరుగుతుంది, నేల దగ్గరకు వచ్చే వేగం పెరుగుతుంది, కాళ్ళు ముందుకు ఎత్తమన్నప్పుడు ఎత్తలేకపోతే దెబ్బ మోకాళ్ళకు, వెనకాల ఉన్నవారి నడుముకు.

పూర్వపక్షం: దొడ్డు అభ్యర్థికి సన్నని శిక్షకుడు కావాలి, పెద్ద గొడుగు కావాలి, అరుగుదల ఎక్కువ, అందుకే రుసుము. ఇది సబబైన మాటే. సమాధానం: అయితే ఆ మాటే రాయవచ్చు. కిలో లెక్కన వసూలు చేసిన సొమ్ము ఏ గొడుగు గుడ్డనూ గజమైనా పెంచదు. 96 కిలోల మనిషి ఆరు కిలోలకు డబ్బు కట్టగానే ప్రమాదం ఎటు పోయిందో చెప్పగల టీకాకారుడు ఇంకా పుట్టలేదు. కాంటాను వరుసలో నిలబడ్డ నలుగురి ముందు పెట్టి, వచ్చిన అంకెను గట్టిగా చదవడం ఏ భద్రతా సూత్రంలోదో కూడా తెలియరాదు. తొలిసారి దూకేవారి దరఖాస్తులో అయిదు కిలోలు తగ్గి పడటానికి కారణం భయం కాదు, ఈ నలుగురి ముందు తూకమే. ఆ అబద్ధపు బరువు చివరికి పడేది శిక్షకుడి మీద.

తాత్పర్యం: బూట్లూ బట్టలూ వేసుకుని జోకించుకున్న అంకెనే దరఖాస్తులో రాయాలి. ముందురోజు తిండి మానడం వల్ల తగ్గేది ఏమీ లేదు, కడుపులో తిప్పడం మాత్రం పెరుగుతుంది. కాంటా లోపలి గదిలో ఉండాలి. రుసుము దేనికో పక్కనే రాసి ఉండాలి.